మధ్యాహ్నం రెండింటికి పార్కు గేటు



మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. ఈ వీడియో పాజ్ చేసి ఫోన్‌లో మ్యాప్స్ ఓపెన్ చేయండి. మీకు దగ్గర్లో ఉన్న పార్కు వెతకండి. పేరు కింద టైమింగ్స్ ఉంటాయి, అవి చూడండి. చాలామందికి ఏం కనిపిస్తుందంటే, పొద్దున ఐదో ఐదున్నరో మొదలై తొమ్మిది, పదింటికల్లా అయిపోతుంది. మళ్ళీ సాయంత్రం నాలుగింటికి మొదలు. ఆ మధ్యలో ఎర్ర అక్షరాలతో ‘క్లోజ్డ్’ అని ఉంటుంది.

ఇవాళ నేను మాట్లాడేది ఆ ఎర్ర అక్షరాల గురించి. ఆ ఆరు గంటల గురించి.

పార్కుల మీద ఎపిసోడ్ చేద్దాం అనగానే మా ఎడిటర్ “టాప్ టెన్ పార్కులు, నాలుగు డ్రోన్ షాట్లు, అయిపోయింది” అన్నాడు. తప్పేం లేదు, వ్యూస్ కూడా వస్తాయి. కానీ నాకు పార్కు అంటే పైనుంచి తీసే షాట్ గుర్తుకు రాదు. ఒక సిమెంట్ బెంచీ గుర్తొస్తుంది. ముందు దాని కథ చెప్తాను.

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. డిగ్రీ అయ్యాక 2022లో గ్రూప్స్ ప్రిపరేషన్‌కి హైదరాబాద్ వచ్చాను. అందరిలాగే అశోక్‌నగర్. అక్కడ ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, లేనివాళ్ళ కోసం చెప్తున్నా. హాస్టల్ రూంలో ఆరు మంచాలు. మంచానికీ మంచానికీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత జాగా. పొద్దున లేస్తే స్టడీ హాల్. అక్కడ పేజీ తిప్పిన చప్పుడు గట్టిగా వచ్చినా వెనక్కి తిరిగి చూస్తారు. రూంలో ఎప్పుడూ ఒకరైనా పడుకుని ఉంటారు. మెట్ల మీద ఫోన్ మాట్లాడితే కింది ఇంటి ఓనరు ఆంటీకి మొత్తం వినిపిస్తుంది. అంటే ఆ పెద్ద సిటీలో నేను ఒక్కదాన్నే ఉండగలిగే చోటు, తలుపు వేసుకోగలిగే చోటు, బాత్రూం ఒక్కటే. దానికి కూడా బయట లైను.

మరి ఇంటికి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాలంటే ఎక్కడికి పోవాలి? ఏడవాలనిపిస్తే?

ఇందిరా పార్కుకి పోయేదాన్ని. నడిచి వెళ్ళే దూరమే. 1975లో పునాది వేసి, 1978లో తెరిచిన పార్కు అది. దాదాపు 76 ఎకరాలు. చిన్న టికెట్ తీసుకుని లోపలికి వెళ్తే కాస్త దూరం నడిచాక హారన్లు తగ్గుతాయి. పూర్తిగా పోవు, తగ్గుతాయి అంతే. బయట ధర్నా చౌక్‌లో ఏదైనా ధర్నా ఉంటే మైకు కూడా వినిపిస్తుంది. ఒక్కోసారి జిల్లాల నుంచి ధర్నాకి వచ్చినవాళ్ళు నీడకి చేరి, తెచ్చుకున్న సద్ది విప్పుకుని తినేవాళ్ళు. వాళ్ళ మాట వింటే ఊరికి పోయినట్టుండేది.

నాకంటూ ఒక బెంచీ ఉండేది. ఒక కాలు విరిగి ఇటుక పెట్టారు దానికి, అందుకే ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక అక్కడికి పోయి కరెంట్ అఫైర్స్ చదివేదాన్ని. నాలాంటి వాళ్ళు చుట్టూ పదిమంది ఉండేవాళ్ళు. ఒకరు పాలిటీ గట్టిగా చదువుకుంటూ నడుస్తుంటారు. ఒకరు ఎవరితోనో మాక్ ఇంటర్వ్యూ చేస్తుంటారు. వెనక చెట్ల దగ్గర జంటలు. వాళ్ళ గొడవ వాళ్ళది, మా గొడవ మాది. ఎవరికి ఎవరూ అడ్డం కాదు.

గ్రూప్-2 సంగతి మీకు తెలుసు. 2022 డిసెంబర్ చివర్లో 783 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది. 2023 ఆగస్టులో పరీక్ష అన్నారు, నవంబర్ అన్నారు, 2024 జనవరి అన్నారు. చివరికి జరిగింది 2024 డిసెంబర్‌లో. నేను అంతదాకా ఆగలేదు. జనవరికి వాయిదా అని తెలిసిన రోజు మధ్యాహ్నం ఆ బెంచీ మీద కూర్చుని బాపుకి ఫోన్ చేశాను. ఇంక నాతో కాదు బాపూ, పైసలు కూడా ఐపోయినై అని చెప్పాను. చెప్పేటప్పుడు ఏడ్చాను కూడా. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, “ఏం గాదు బిడ్డా. పోయినేడు మక్క మొత్తం పోయె. మల్ల ఏసినం గాదా?” అని.

ఆ ఫోన్ నేను హాస్టల్ రూంలో చేసి ఉంటే అంత మాట్లాడేదాన్ని కాదు. “అంతా బాగుంది బాపూ” అని పెట్టేసేదాన్ని. ఐదుగురు వింటుండగా ఓడిపోయాను అని ఎవరు చెప్తారు? ఆ రోజు పక్క బెంచీ అమ్మాయి నన్ను చూసింది. చూసి, తల పుస్తకంలోకి తిప్పుకుంది. పార్కులో అపరిచితులు చేసే పెద్ద ఉపకారం అదే అనిపిస్తుంది నాకు.

అందుకే పార్కు అనగానే ఆక్సిజన్, ఊపిరితిత్తులు, ఫిట్‌నెస్ అని వినిపించినప్పుడు నాకు కొంచెం అసహనంగా ఉంటుంది. అవన్నీ నిజమే. 1984లో రోజర్ ఉల్రిచ్ అని ఒకాయన అమెరికాలో ఒక హాస్పిటల్ రికార్డులు తీసి చూశాడు. ఒకే ఆపరేషన్ అయిన పేషెంట్లలో కిటికీలోంచి చెట్లు కనిపించిన వాళ్ళు, ఇటుక గోడ కనిపించిన వాళ్ళకంటే త్వరగా ఇంటికి వెళ్ళారు, నొప్పి మందులు కూడా తక్కువ వాడారు. చెట్టు మంచిదే, ఒప్పుకున్నా. కానీ మన సిటీల్లో చాలామందికి పార్కు అంటే ఆరోగ్యం కంటే ముందు ఒక గది. ఇంట్లో లేని గది. ఎవరికి ఇంట్లో ఆ గది ఉందో వాళ్ళు పొద్దున, సాయంత్రం వచ్చి నడిచి వెళ్ళిపోతారు. లేనివాళ్ళకి అది మధ్యాహ్నం కావాలి. మరి మనం పార్కు మూసేది సరిగ్గా ఎప్పుడు?

ఇప్పుడు రెండో కథ.

గ్రూప్స్ వదిలేశాక ఐటీ కారిడార్ వైపు ఒక చిన్న ఉద్యోగం దొరికింది. పీజీలో ఉంటున్నా, ఈసారి ముగ్గురమే. ప్రమోషన్ అన్నమాట. దగ్గర్లో ఒక కాలనీ పార్కు ఉంది. పేరు చెప్పను. చిన్నదే, ఎకరం కూడా ఉండదు. నాలుగు పెద్ద నిద్రగన్నేరు చెట్లు, కొన్ని కానుగలు, వేపలు, ఒక వాకింగ్ ట్రాక్, ఓపెన్ జిమ్. పొద్దున వెళ్తే లాఫింగ్ క్లబ్ అంకుల్స్, ఇంకో మూల యోగా ఆంటీలు. బాగుంటుంది.

2024 మే నెల, ఒక ఆదివారం. ఆ ఎండలు గుర్తున్నాయి కదా. నేను లేటుగా వెళ్ళి చెట్టు కింద ఫోన్ చూసుకుంటున్నా. పక్క బెంచీ మీద ఒక డెలివరీ అబ్బాయి పడుకుని ఉన్నాడు. బ్యాగు తల కింద పెట్టుకున్నాడు, ఫోన్ ఛాతీ మీద. పది అయింది. గార్డు విజిల్ వేశాడు. నేను లేచాను. ఆ అబ్బాయి లేవలేదు. గార్డు వచ్చి కర్రతో బెంచీ మీద కొట్టాడు. మనిషిని కొట్టలేదు, బెంచీనే. అబ్బాయి ఉలిక్కిపడి లేచి, ముందు ఫోన్ చూసుకున్నాడు ఆర్డర్ ఏమన్నా పోయిందా అని. “అన్నా, ఇంకో పావుగంట. ఆర్డర్ వస్తే నేనే పోతా” అన్నాడు. గార్డు “లోపల ఎవరన్నా కనిపిస్తే నన్ను అడుగుతరు తమ్మీ” అన్నాడు.

ఇద్దరిలో ఎవరి మీదా కోపం రాలేదు నాకు. నేనేం మాట్లాడలేదు కూడా, అది ఒప్పుకోవాలి. పీజీకి వచ్చి ఫ్యాన్ కింద పడుకున్నా. మధ్యాహ్నం కర్రీ పాయింట్‌కి వెళ్తుంటే చూశాను, అదే అబ్బాయి పార్కు గోడ బయట ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఉన్న జానెడు నీడలో బండి మీద కూర్చుని బాటిల్ నీళ్ళు తలమీద పోసుకుంటున్నాడు. గోడకి అటువైపు నాలుగు నిద్రగన్నేరు చెట్ల నీడ. మొత్తం ఖాళీ.

మొత్తం అంటే పూర్తిగా కాదు. తర్వాత ఒకరోజు గార్డుతో మాట్లాడితే తెలిసింది. తాళం వేశాక ఆయన ఒక్కడే చెట్టు కింద కూర్చుని డబ్బా తింటాడట. రేకుల బూత్‌లో ఆ టైంకి కూర్చోలేడు, కాలిపోతుంది. “ఇంత జాగాల ఒక్కన్నే కూసుంట అమ్మా. నాకు మంచిగనిపిస్తదా?” అన్నాడు.

ఎండాకాలం వచ్చిందంటే ప్రభుత్వమే మనకి చెప్తుంది, పన్నెండు నుంచి మూడు వరకు ఎండలో తిరగకండి అని. నేషనల్ డిజాస్టర్ మేనేజ్‌మెంట్ వాళ్ళ సూచనల్లో మొదటి మాట అదే. మంచి మాట. కానీ తిరగడమే పని అయినవాళ్ళు ఆ మూడు గంటలు ఎక్కడ ఉండాలి? చెట్టు నీడ ఊరికే గొడుగులాంటిది కాదు. ఆకుల్లోంచి నీరు ఆవిరవుతుంది కాబట్టి చుట్టూ గాలి కూడా చల్లబడుతుంది. సిటీలో పేదవాడికి దొరికే ఏసీ అదొక్కటే, దానికి మనం తాళం వేసుకుంటున్నాం. అహ్మదాబాద్‌లో 2010 మే నెల వడగాడ్పులకి చాలామంది చనిపోయారు. ఆ దెబ్బ తర్వాతే 2013లో వాళ్ళు హీట్ యాక్షన్ ప్లాన్ తెచ్చారు, మన దేశంలో మొదటిది. ఎండ బాగా ఉన్న రోజుల్లో గుళ్ళు, పబ్లిక్ బిల్డింగులు, తోటలు జనం చల్లగా కూర్చునే చోట్లుగా వాడుకోవాలన్న ఆలోచన అక్కడ ఉంది. కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు, ఉన్న గేటు తీస్తే చాలు.

ఇక్కడ ఒక మాట. అన్ని పార్కులూ ఒకటి కాదు. కేబీఆర్ పార్కు మధ్యాహ్నం మూస్తారంటే దానికో న్యాయం ఉంది. 1998 నుంచి అది నేషనల్ పార్కు. అక్కడ నెమళ్ళు, ముళ్ళపందులు, పాములు అసలు ఓనర్లు, మనం వాకింగ్‌కి వచ్చే గెస్టులం. వాటికీ కాసేపు ప్రశాంతత కావాలి. కానీ మా కాలనీ పార్కులో నెమళ్ళు లేవు. ఉన్నవి రెండు పిల్లులు, అవి మధ్యాహ్నం కార్ల కింద పడుకుంటాయి.

మరి ఎందుకు మూస్తారు? కాలనీ అసోసియేషన్‌లో ఒక అంకుల్‌ని అడిగాను. రిటైర్డ్. ఆ పార్కుని నిజంగా ప్రేమించే మనిషి. కార్పొరేషన్ నీళ్ళు రాని రోజుల్లో తన ఇంటి పైపు లాగి మొక్కలకి పెట్టాడు. ఆంటీకి మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆ ట్రాక్ మీదే మళ్ళీ నడిపించాడు. ఆయన చెప్పిన కారణం ఒకటే. “మధ్యాహ్నం తెరిస్తే జంటలు వస్తారమ్మా. పిల్లలు తిరిగే చోటు.”

ఇది ఆయన ఒక్కడి మాట కాదు. 2021 ఆగస్టులో ఇందిరా పార్కులోనే బోర్డు పెట్టారు, పెళ్ళికాని జంటలకి ప్రవేశం లేదు అని. ఆ ఫోటో సోషల్ మీడియాలో తిరిగి, జనం గట్టిగా అడిగేసరికి తీసేశారు. అధికారులు విచారం కూడా వ్యక్తం చేశారు. బోర్డు పోయింది కానీ ఆ ఆలోచన టైమింగ్స్ రూపంలో చాలా గేట్ల మీద అలాగే ఉంది. బోర్డు మీద రాస్తే గొడవ అవుతుంది. తాళం వేస్తే ఎవరూ అడగరు.

నేను అంకుల్‌తో వాదించాను. జంటల కోసం కాదు, ముందు అమ్మాయిల కోసం. నాకు పార్కులో భయం వేసింది ఎప్పుడంటే జనం ఉన్నప్పుడు కాదు, ఎవరూ లేనప్పుడు. న్యూయార్క్‌లో విలియం వైట్ అని ఒకాయన 1970లలో కెమెరాలు పెట్టి జనం ఎక్కడ కూర్చుంటారో గంటలు గంటలు రికార్డు చేశాడు. ఆయన కనిపెట్టింది వింటే నవ్వొస్తుంది. కూర్చోవడానికి చోటు ఎక్కడ ఉంటే అక్కడ కూర్చుంటారట. ఇంకో సంగతి కూడా గమనించాడు. ఒక చోట ఆడవాళ్ళు ఎంత ఎక్కువగా కూర్చుంటే ఆ చోటు అంత బాగున్నట్టు. ఆడవాళ్ళు ముందే అన్నీ చూసుకుని కూర్చుంటారు కదా మరి. గేటు కనిపిస్తుందా, లైటు ఉందా, పక్కన ఇంకెవరైనా ఆడవాళ్ళు ఉన్నారా, టాయిలెట్ తాళం తీసి ఉందా. మీలో అబ్బాయిలు ఎప్పుడైనా ఈ లెక్క వేశారా? అడుగుతున్నా అంతే.

“మధ్యాహ్నం పనిమనుషులు రెండిళ్ళ మధ్య ఎక్కడ కూర్చుంటారు అంకుల్?” అన్నాను. ఆయన దగ్గర జవాబు లేదు. నిజానికి అడిగేదాకా నా దగ్గర కూడా లేదు. తర్వాత మా పీజీలో వంట చేసే అక్కని అడిగాను. పదకొండున్నరకి ఒక ఇల్లు అయిపోతుందట, ఇంకోటి రెండింటికి. ఆ మధ్యలో అపార్ట్‌మెంట్ మెట్ల కింద కూర్చుంటుంది. వాచ్‌మన్ ఒప్పుకున్న రోజు.

మా ఊళ్ళో రావిచెట్టు చుట్టూ గద్దె ఉంటుంది. దానికి టైమింగ్స్ లేవు. మధ్యాహ్నమే నిండుగా ఉంటుంది. అయితే అది అందరిదీ అని నేను అబద్ధం చెప్పను. ఆ గద్దె మీద మా అమ్మ కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. సిటీ పార్కులో మా అమ్మ కూర్చుంది, హైదరాబాద్ వచ్చినప్పుడు, గంటసేపు, కాళ్ళు చాపుకుని. అందుకే నాకు పార్కు గొడవ ఊరి మీద బెంగ కాదు.

సరే, తర్వాత ఏం చేశాం? పెద్దగా ఏం చేయలేదు. ఒక కాగితం రాసి సంతకాలు తీసుకున్నాం, 41 వచ్చాయి. మొత్తం సంవత్సరం అడగలేదు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు, ఒక్క గేటు, గార్డు బూత్‌కి కనిపించే బెంచీలు మాత్రం. మీటింగ్‌లో మూడు వారాలు నలిగి, 2025 మే ఒక్క నెల ట్రయల్‌కి ఒప్పుకున్నారు. మొదటి రోజు వచ్చింది ఇద్దరు. తర్వాత ఆటో అన్నలు, డెలివరీ వాళ్ళు, వంట అక్క వాళ్ళు, రెండో వారానికి ఇంటర్ సప్లిమెంటరీ పిల్లలు పుస్తకాలతో. జంటలు కూడా వచ్చారు. ఎందుకు రారు?

అంతా బాగా జరిగిందనుకోకండి. గుట్కా ప్యాకెట్లు పడ్డాయి, బిర్యానీ డబ్బాలు పడ్డాయి. అంకుల్ రోజూ ఫోటో తీసి గ్రూపులో “చూశారా” అని పెట్టేవాడు. నాకు తల కొట్టేసినట్టుండేది. డస్ట్‌బిన్ గేటు దగ్గర ఒకటే ఉంది, ఇంకో రెండు పెట్టమని అడిగితే అది వేరే పని, వేరే ఆఫీసు అన్నారు. చివరికి మేమే రెండు డ్రమ్ములు కొన్నాం. గార్డుకి పని పెరిగింది, జీతం పెరగలేదు. ఈ మాట ఆయన నా మొహం మీదే చెప్పాడు. అది నేను ముందు ఆలోచించాల్సింది. వచ్చే వేసవికి గేటు తీస్తారా లేదా అనేది ఇంకా తేలలేదు. గార్డుకి మధ్యాహ్నం డ్యూటీకి విడిగా డబ్బులివ్వాలని ఈసారి మా కాగితంలో మొదటి లైన్‌గా రాస్తున్నాం.

2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల గొడవ వచ్చినప్పుడు మనమందరం ఫోన్లు పట్టుకుని ఎంత చేశామో గుర్తుందా? ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమంది. యూనివర్సిటీ పిల్లలు రోడ్డు మీదికి వచ్చారు, మిగతావాళ్ళం షేర్ చేశాం. 400 ఎకరాలకి అంత చేయగలిగినవాళ్ళం, మన వీధి చివర 400 గజాల పార్కుకి తాళం ఎందుకు ఉందో అడగొచ్చు కదా. దానికి బుల్డోజర్ రాదు కాబట్టి కంటెంట్ కూడా రాదు, అదొక్కటే తేడా.

నగరాల చెట్ల గురించి పనిచేసే సెసిల్ కోనినెండైక్ అనే ఆయన 2021లో ఒక సులువైన లెక్క చెప్పాడు, 3-30-300 అని. ఇంట్లోంచి 3 చెట్లు కనిపించాలి, పేటలో 30 శాతం చెట్ల నీడ ఉండాలి, 300 మీటర్లలో పార్కు ఉండాలి. మీ ఇంటికి ఈ లెక్క వేసి చూడండి, సరదాగా ఉంటుంది. మా పీజీకి చెట్లు రెండు కనిపిస్తాయి, ఒకటి సగం. పార్కు 300 మీటర్లలోనే ఉంది. గేటు తీసి ఉండాలని ఆ లెక్కలో లేదు, అది మనం కలుపుకోవాలి.

కాబట్టి మీకు ఒక పని ఇస్తున్నా. ఈ వారంలో ఒక రోజు మధ్యాహ్నం రెండింటికి మీ దగ్గర్లో ఉన్న పార్కుకి వెళ్ళండి. గేటు తీసి ఉందా, తాళం ఉందా, మంచినీళ్ళ కుళాయి పనిచేస్తోందా, లేడీస్ టాయిలెట్ తెరిచి ఉందా చూసి, టైమింగ్స్ బోర్డు ఫోటోతో మాకు పంపండి. హైదరాబాదే అక్కర్లేదు. వరంగల్, విజయవాడ, వైజాగ్, తిరుపతి, ఎక్కడైనా సరే. వచ్చినవన్నీ కలిపి వేసవి మొదలయ్యేలోపు ఇంకో ఎపిసోడ్ చేస్తాం.

ఫోటో తీసేటప్పుడు మాత్రం బెంచీల మీద కూర్చున్నవాళ్ళ మొహాలు రాకుండా చూసుకోండి. వాళ్ళు ఇంట్లో ఏం చెప్పి వచ్చారో మనకి తెలీదు కదా. ఉంటాను మరి.